తూనిక చీటీ

గాజులమండ్యం రోడ్డులో, రైలు గేటు దాటినాక
ఎడమ పక్క తుప్పు రంగు ప్రహరీ.
దాని లోపల ఇరవై రెండేళ్ళు
నేను కాటా గుమాస్తాని.

నిండు లారీని ఒకసారి తూస్తాను,
ఖాళీ లారీని ఒకసారి తూస్తాను,
మధ్యలో మిగిలిన తేడానే మా మిల్లు బతుకు.
కార్బన్ పెట్టి మూడు చీటీలు:
తెల్లది ఆఫీసుకు, గులాబీది డ్రైవరుకు,
పసుప్పచ్చది నాకు.

వేలెడు లావు కడ్డీ చుట్టలు దిగేవి.
ఆసిడ్ తొట్లో మునిగి, సున్నం పూసుకొని,
సబ్బుపొడి నమిలి
డై నోట్లోకి దూరేవి.
ఒక్కో బెజ్జం ముందరి దానికన్నా ఇరుకు.
దొరసామన్న అనేవాడు:
"ఇనుమును కొట్టగూడదు నాయినా, లాగల్ల.
కొడితే పగబడతాది,
లాగితే పాడతాది."

నిజంగానే పాడేది.
తెగబోయే ముందర సుతి మారేది.
నాకెప్పుడూ వినపడలేదు,
ఆయనకు వినపడేది,
కాలితో మిషను ఆపేసేవాడు.

ఒక్క రాత్రి వినలేదు.
గంగజాతరలో తోటి వేషం కట్టి
నేరుగా షిఫ్టుకు వచ్చినాడు,
చెవుల ఎనక బొగ్గు ఇంకా పోలేదు,
చెవుల లోపల డప్పులు.
తెగిన తీగ పక్కనున్న మొగిలప్ప మీదికి లేచింది.
రెండు వేళ్ళు.
ఆసుపత్రికి పోయిన వ్యాను నా కాటా మీదనే పోయింది.
పది కిలోల లోపల దానికి లెక్క తెలీదు.
ఆ ఏడు తర్వాత దొరసామన్న మళ్ళీ వేషం కట్టలేదు.

మేకుల షెడ్డులో సుబ్బరత్న
మొండి మేకుల్ని వేరు చేసేది.
గేట్లో కొంగులు దులిపించేవాళ్ళు.
ఆమె కనకాంబరాలని
మెత్తటి బైండింగు తీగతో కట్టి
సిగలో పెట్టుకొని పోయేది.
నేను చూసినాను. రాయలేదు.

మా తీగ బంగారుపాళ్యం మామిడి తోటలకు ముళ్ళకంచె అయింది,
కోళ్ళ ఫారాలకు వల అయింది,
తిరపతిలో లేచిన లాడ్జీల స్తంభాల్లో
కడ్డీకీ కడ్డీకీ నడుమ ముడి అయింది.
కొండకొచ్చినోళ్ళు గోడకానుకొని నిద్రపోతారు,
ముడి నిద్రపోదు.

ఫలానా రోజు మూతపడింది అని చెప్పలేను.
ముందు మూడో షిఫ్టు పోయింది,
తర్వాత క్యాంటీన్లో చెట్నీ పోయింది,
తర్వాత జీతం నెలాఖరుకు కాకుండా
ఎప్పుడో ఒక నెలకు వచ్చేది.
కడకు కరెంటోళ్ళు వచ్చి ఫ్యూజులు పీకినారు.
అప్పటికే ఫర్నేసులో పావురాళ్ళు గూళ్ళు పెట్టినాయి.

రాణిపేట నించి పాతినుము సాయిబు వచ్చినాడు.
వాచ్‌మన్ మొగిలప్ప మూడు వేళ్ళ చేత్తో గేటు తెరిచినాడు.
నేను తూసినాను:
నాలుగో నంబరు మిషను, దొరసామన్నది,
మూడు వేల రెండొందల నలభై.
సుతి రాసేదానికి చీటీలో గడి లేదు.

అన్నీ పోయినాక కాటాను పెరికినారు.
దాన్ని తూసేదానికి ఇంకో కాటా లేదు.
సాయిబు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి
అందాజుగా ఒక ధర చెప్పినాడు.
మేనేజరు సరే అన్నాడు.

మా ఇంటెనక దండెం
పద్నాలుగో గేజి, మా సరుకే.
అదెట్ల గేటు దాటిందో అడగద్దండి.
మొన్న దొరసామన్న వచ్చినాడు.
ఇప్పుడాయనకు పిలిచినా వినపడదు.
తడి లుంగీని పక్కకు జరిపి
తీగను గోటితో మీటి,
దాని మీద దవడ ఆనించి
కండ్లు మూసుకున్నాడు.
"ఉంది" అన్నాడు.
ఏముందో నేను అడగలేదు.
కాఫీ చల్లారిపోతోందని
మా యామె లోపల నించి అరిచింది.